లండన్ పిన్ని ఇంకో పేరు

మా పిన్ని లండన్‌లో ఏనాడూ ఉండలేదు. యాభై ఏళ్ళకు పైగా ఇంగ్లండ్‌లోని లెస్టర్‌లోనే ఉంది. అక్కడే ఆస్పత్రిలో నర్సుగా చేసింది, అక్కడే రిటైరయింది. అయినా మా బంధువుల్లో ఆమె అందరికీ లండన్ పిన్ని, లండన్ వదిన, లండన్ అత్త. మా అమ్మ ఒక్కతే తన చెల్లెల్ని "చిన్నమ్మాయి" అనేది. ఆమెకు అసలు పేరు ఒకటుందని నాకు తెలుసు. ఆ పేరు పెట్టి పిలిచినవాళ్ళను మాత్రం నేను చూడలేదు.

బాబాయి పోయిన రెండేళ్ళకు, చలికాలం చివర్లో, ఆమె అమెరికాకు, ఫ్రిస్కోలో మా ఇంటికి వచ్చి ఆరు వారాలు ఉంది. మా అమ్మాయి కాలేజీకి వెళ్ళిపోయాక మేడ మీద గది ఖాళీగా ఉండేది. అది ఆమెకిచ్చాం. నా భార్య రోజూ ఇర్వింగ్‌లో ఆఫీసుకు వెళ్ళాలి. నేను వారంలో నాలుగు రోజులు ఇంటి నుంచే పని చేస్తాను. అందువల్ల పగటిపూట ఇంట్లో ఎక్కువగా మేమిద్దరమే ఉండేవాళ్ళం.

పిన్నికి పొద్దున్నే నడిచే అలవాటు. మా కాలనీలో నడవడానికి వెడల్పాటి బాటలుంటాయి, వాటి మీద మనుషులుండరు. చీర మీద కార్డిగన్ వేసుకుని, చేతిలో మడత గొడుగుతో ఆమె నడుస్తుంటే మొదటి వారంలోనే ఇద్దరు కార్లు ఆపి ఏమైనా సాయం కావాలా అని అడిగారట. "ఊరికే నడుస్తున్నానంటే నమ్మలేదు అబ్బాయ్" అంది.

ఏటా ఏప్రిల్లో ఆమె స్పెయిన్‌లో సముద్రం పక్కన ఒక ఊరికి వారం రోజులు సెలవు మీద వెళ్తుంది. ఒకే వార్డులో పనిచేసిన నలుగురు నర్సులు, ముప్పై ఏళ్ళుగా అదే ఊరు, అదే హోటల్. ఒకప్పుడు భర్తలతో వెళ్ళేవారు, ఇప్పుడు నలుగురే వెళ్తున్నారు. ఆ ఏడు మా ఇంటి నుంచి తిరిగి వెళ్ళిన పది రోజులకు ఆ ప్రయాణం. ఈలోగా కొత్త నియమం వచ్చింది. బ్రిటిష్ వాళ్ళు యూరప్‌కు సెలవులకు వెళ్ళాలన్నా ఇకనుంచి ముందుగా ఆన్‌లైన్‌లో ఫారం నింపి అనుమతి తెచ్చుకోవాలి. అది వీసా కాదు. కానీ అది లేనివాళ్ళను విమానం ఎక్కించుకోరు.

ఆ నలుగురిలో ఒకామె ఒక మంగళవారం ఉదయం ఫోన్ చేసింది. పిన్ని ఫోన్ స్పీకర్‌లో పెట్టి మాట్లాడుతుంది, కాబట్టి నాకూ వినపడింది. తనది పావుగంటలో అయిపోయిందని, మిగతా ఇద్దరికీ వచ్చేసిందని, నీ ఒక్కదానిదే మిగిలిందని ఆమె చెప్పింది. మాటల మధ్య పిన్నిని ఏదో పేరు పెట్టి పిలిచింది. అది పిన్ని అసలు పేరు. ఒక ఇంగ్లీషు ముసలావిడ నోట ఆ పేరు వినడం కొత్తగా అనిపించింది, అంతే.

ఫోన్ పెట్టేసి పిన్ని నా వైపు తిరిగింది.

"ఇన్నేళ్ళూ గుంటూరు బస్సెక్కినట్టు ఎక్కి వెళ్ళొచ్చాం. ఇప్పుడు పర్మిషన్ కావాలట చూశావూ?"

"మాకు ఎప్పుడూ కావాలి పిన్నీ" అన్నాను.

నాకు పెద్దగా జాలి కలగలేదు. మేం ఒకసారి యూరప్ వెళ్ళడానికి బ్యాంక్ స్టేట్‌మెంట్లు, ఎంప్లాయర్ లెటర్, హోటల్ బుకింగులు అన్నీ ఫైల్లో పెట్టుకుని వేలిముద్రలివ్వడానికి హ్యూస్టన్ దాకా డ్రైవ్ చేసుకుంటూ వెళ్ళాం. పందొమ్మిదేళ్ళుగా హెచ్-వన్-బీ వీసా మీద ఉన్నాను. ఎక్స్‌టెన్షన్లు, స్టాంపింగులు, గ్రీన్ కార్డ్ క్యూ. మా ఇంట్లో ఒక అల్మారా అర మొత్తం కాగితాలే. మొదట్లో ఒక లాయర్ నాకొక మాట చెప్పాడు: ఒక ఫారంలో ఏది రాశావో ప్రతి ఫారంలో అదే రాయి, అక్షరం కూడా మార్చకు. ఆ మాట నేను తప్పలేదు. అందుకే బంధువుల్లో ఎవరికి ఏ ఫారం వచ్చినా నాకే పంపుతారు.

"నువ్వు నింపి పెడుదూ. మీ బాబాయి ఉన్నన్నాళ్ళు ఇవన్నీ ఆయనే చూసుకునేవారు. ఇక్కడికి రావడానికి కావలసింది ట్రావెల్ ఏజెంట్ చేశాడు. నాకేం తెలీదు" అంది.

పొద్దుటి మీటింగ్ అయ్యాక డైనింగ్ టేబుల్ మీద లాప్‌టాప్ పెట్టుకుని కూర్చున్నాను. ఆమె ఎదురుగా కూర్చుని చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తోంది. సెర్చ్ చేస్తే ముందుగా వచ్చినవన్నీ దళారుల సైట్లు. కాసేపు వెతికితే అసలుది దొరికింది. డెబ్బై దాటినవాళ్ళకు ఫీజు లేదని అందులో ఉంది. ఫారం మీ కోసమా, ఇంకొకరి తరఫునా అని అడిగింది. ఇంకొకరి తరఫున అని నొక్కి, పాస్‌పోర్ట్ ఇమ్మన్నాను.

ఎర్రట్ట పాస్‌పోర్ట్. వాళ్ళ దేశం యూరప్ కూటమిలోంచి బయటికి రాకముందు ఇచ్చింది కాబట్టి అట్ట మీద ఆ కూటమి పేరు ఇంకా బంగారు రంగులో ఉంది. ఫోటో ఉన్న పేజీ తెరిచాను. ఇంటిపేరు బాబాయిది. దాని కింద ఉన్న పేరు మా అమ్మది.

ఇద్దరు అక్కచెల్లెళ్ళకు ఒకే పేరు ఎలా పెడతారు అనుకున్నాను. తర్వాత పుట్టినతేదీ చూశాను. అదీ అమ్మదే. తల్లి పుట్టినతేదీ అని ఉన్న చోటల్లా నేను టైప్ చేసిన తేదీ అది. పుట్టిన ఊరు తెనాలి అని ఉంది. మా తాతయ్యది రైల్వే ఉద్యోగం. అమ్మ తెనాలిలో పుట్టింది, పిన్ని రేపల్లెలో పుట్టింది. అది నాకు తెలుసు.

"పిన్నీ, ఇది అమ్మ పేరు."

ఆమె చేతిలో ఉన్న చిక్కుడుకాయ ఈనె తీసి, గిన్నెలో వేసింది.

"అవును. నీకు తెలుసనుకున్నాను. మీ అమ్మ చెప్పలేదా?"

"లేదు."

అప్పుడు చెప్పింది. దాచుకున్న సంగతి బయటపెడుతున్నట్టు కాకుండా, ఎవరిదో పెళ్ళి కబురు చెప్పినంత మామూలుగా చెప్పింది. వాళ్ళ ఊళ్ళో మిషన్ ఆస్పత్రి ఉండేది. అందులో ఉన్న దొరసాని ఒకామె ఇంగ్లండ్‌లో నర్సు ట్రైనింగుకు అమ్మాయిల్ని పంపుతుండేది. ఎస్సెల్సీ పాసై ఉండాలి. అమ్మ పాసైంది, పేరిచ్చింది, కాగితాల మీదే సెలక్టయింది. ఉత్తరం వచ్చేసరికి అమ్మకు టీచర్ ట్రైనింగులో సీటొచ్చింది. ఆమెకు బడి మీదే మనసు. పిన్నికి నర్సు కావాలని ఉంది, కానీ ఆమె లెక్కల్లో రెండుసార్లు తప్పింది.

"మీ అమ్మే అంది, నా సర్టిఫికెట్ తీసుకుని నువ్వెళ్ళవే అని. తనది పోయిందని రాసిచ్చి డూప్లికేట్ తీసుకుంది. పాస్‌పోర్ట్ కాగితాల మీద మీ తాతయ్య సంతకం పెట్టాడు. ఫోటోకి నేను కూర్చున్నాను. అంతే."

"అంతేనా?"

"అప్పుడు అంతే. వెళ్ళాక తెలిసింది, అది అంతటితో అయిపోదని. హాస్టల్లో మొదటి రోజు నిన్ను ఏమని పిలవాలి అని అడిగారు. కంగారులో నా పేరే చెప్పాను. ముద్దుపేరు అనుకున్నారు. ఇప్పటికీ అలాగే పిలుస్తారు. మీ బాబాయికి పెళ్ళికి ముందే చెప్పాను."

ఇంకెవరి గురించైనా ఇలాంటిది వినుంటే ఆ ఫారం నేను ముట్టుకునేవాణ్ణి కాదు. నా కేసులో ఇలాంటిది బయటపడితే నలభై ఎనిమిది గంటల్లో ఇల్లు సర్దుకోవాల్సి వస్తుంది. ఆమె మాత్రం యాభై ఏళ్ళు ఆ పేరు మీద జీతం తీసుకుంది, పన్ను కట్టింది, వేరే దేశపు పౌరురాలయింది. పాస్‌పోర్ట్‌లో ఉన్నది ఉన్నట్టు రాయమని ఫారంలో ఉంది. అలాగే రాశాను. తల్లిదండ్రుల పేర్లు అడిగింది, అవి ఎటూ ఇద్దరికీ ఒకటే.

తర్వాతి ప్రశ్న దగ్గర ఆగాను.

"ఇంకేమైనా పేర్లు ఉన్నాయా అని అడుగుతోంది పిన్నీ. వేరే పేరుతో ఎవరైనా పిలిచేవాళ్ళుంటే రాయాలి."

ఆమె గిన్నె పక్కకు జరిపి, కళ్ళజోడు పెట్టుకుని నా పక్కకొచ్చి స్క్రీన్ మీద ఆ ప్రశ్న చదివింది. రెండుసార్లు చదివింది.

"ఇది ఇక్కడికొచ్చేప్పుడు కూడా అడిగుంటారా?"

"అడుగుతారు."

"ఏజెంట్ నన్నడగలేదు. లేదని రాసుంటాడు." కుర్చీ దగ్గరికి లాక్కుని, "నా పేరు రాయి" అంది.

"రాయకపోయినా..."

"అడిగారుగా. ఇన్నేళ్ళలో ఒక్కరూ అడగలేదు. రాయి అబ్బాయ్."

స్పెల్లింగ్ అడిగాను. ఆమె ఒక్కో అక్షరం చెప్పింది. ఒకచోట తడబడి, కాగితం మీద రాసుకుని చూసి మళ్ళీ చెప్పింది. ఆ పేరును ఇంగ్లీషులో ఎప్పుడూ రాయలేదట. నేరాలు, యుద్ధ ప్రాంతాలు, దేశ బహిష్కరణ, వీటి గురించి ప్రశ్నలన్నిటికీ లేదు లేదు అని నొక్కి పంపించాను. పదినిమిషాల్లో మెయిల్ వచ్చింది. అనుమతి కాదు. దరఖాస్తు పరిశీలనలో ఉందని, నాలుగు రోజుల్లో చెబుతామని, అవసరమైతే ఇంకా వివరాలు అడుగుతామని అందులో ఉంది.

"వాళ్ళందరికీ వెంటనే వచ్చిందిగా" అంది పిన్ని.

"కొందరికి ఆలస్యమవుతుంది. కంగారేం లేదు."

మర్నాడు ఆఫీసు పని చేస్తూనే ఉన్నాను గానీ నా ధ్యాస దాని మీద లేదు. ముందురోజు విన్నదాంట్లో ఒక భాగం నాకు ఆలస్యంగా తట్టింది.

మా అమ్మాయి పుట్టినప్పుడు మేం ఇర్వింగ్‌లో అపార్ట్‌మెంట్‌లో ఉండేవాళ్ళం. నా భార్య వాళ్ళమ్మ వచ్చి వెళ్ళింది. మా అమ్మ రాలేదు. పాస్‌పోర్ట్ దరఖాస్తు నేనే నింపి, సంతకం ఎక్కడ పెట్టాలో గుర్తు పెట్టి పంపాను. అలా రెండుసార్లు పంపాను. విమానమంటే భయంరా అంది. వరదల్లో పడవెక్కి కృష్ణ దాటి బడికి వెళ్ళిన మనిషి ఆమె. ఇల్లు కొన్నప్పుడు మళ్ళీ అడిగాను. మోకాళ్ళ నొప్పులంది. తర్వాత అడగడం మానేశాను. అమ్మకు రావడం ఇష్టం లేదని నా భార్యతో చెప్పాను, అలాగే నమ్మాను. ఆమె పోయి ఎనిమిదేళ్ళు. నేనున్న ఇళ్ళలో ఒక్కటీ ఆమె చూడలేదు.

మధ్యాహ్నం కిందికి వచ్చేసరికి పిన్ని సింక్ దగ్గర కప్పులు కడుగుతోంది.

"అమ్మ పాస్‌పోర్ట్ ఎందుకు తీసుకోలేదు పిన్నీ?"

ఆమె వెనక్కి తిరగలేదు.

"నీకు అర్థమయ్యే ఉంటుంది."

"నువ్వు చెప్పు."

"ఆ పేరుకి, ఆ తేదీకి అప్పటికే ఒక పాస్‌పోర్ట్ ఇచ్చేశారు కదా. తను అడిగితే పాత ఫైలు తీస్తారని భయం. తీస్తే అందులో నా ఫోటో ఉంటుంది." నీళ్ళు కట్టేసింది. "నీకు కూతురు పుట్టినప్పుడు ఫోన్‌లో ఏడ్చింది. నేను ఇక్కడి గవర్నమెంటుకి నిజం చెప్పేస్తానక్కా, నువ్వు వెళ్ళు అన్నాను. ఒప్పుకోలేదు. నువ్వు చెబితే నీ ఉద్యోగం, ఇల్లు, దేశం అన్నీ పోతాయి, నేను విమానం ఎక్కకపోతే ఏం పోతుంది అంది."

"నాతో చెప్పొచ్చుగా."

"నువ్వు ఫారాలు నింపేవాడివి. నీకు తెలిస్తే నువ్వు ఎక్కడో ఒకచోట రాయాల్సొస్తుందని చెప్పొద్దంది."

నేను గరాజ్‌లోకి వెళ్ళి కార్ తీశాను. టోల్‌వే ఎక్కి దక్షిణంగా చాలాదూరం పోయి, ఏదో ఎగ్జిట్ దగ్గర దిగి, పెట్రోల్ బంక్ ముందు ఆపుకుని కూర్చున్నాను. ఎవరి మీద కోపం వచ్చిందో అప్పుడూ తేల్చుకోలేకపోయాను, ఇప్పుడూ చెప్పలేను. రెండింటికి ఉన్న మీటింగ్ తప్పిపోయింది. తిరిగొచ్చేసరికి పిన్ని అన్నం, చిక్కుడుకాయ కూర, చారు టేబుల్ మీద పెట్టి తను తినకుండా కూర్చునుంది. ఇద్దరం తిన్నాం.

సాయంత్రం నా భార్య వచ్చాక చెప్పాను. ఆమె వరంగల్ మనిషి. చెప్పుల్తోనే సోఫాలో కూర్చుండిపోయింది.

"నేను అత్తమ్మ మీద ఎన్నేళ్ళు కోపం పెట్టుకున్ననో తెలుసా? బిడ్డను చూడటానికి గూడ రాలేదని" అంది. తర్వాత మేడ మీదికి వెళ్ళి పిన్ని గదిలో చాలాసేపు ఉంది. ఏం మాట్లాడుకున్నారో నేనడగలేదు.

ఇప్పుడు తీరిగ్గా ఆలోచిస్తే ఒకటనిపిస్తుంది. అమ్మ దరఖాస్తు పెట్టుకున్నా ఏమీ అయ్యేది కాదేమో. డెబ్బైల నాటి కాగితం ఫైలు ఏ గోదాములో చెదలు పట్టిందో, దాన్ని ఎవరు తీసేవారు? ముప్పై ఏళ్ళ కిందటి ఫోటోను ఎవరు పోల్చి చూసేవారు? ఆ మాట పిన్నితో అనలేదు. అనడం వల్ల ప్రయోజనం లేదు.

మూడో రోజు పిన్ని నడకకు వెళ్ళలేదు. నా ఫోన్ తన పక్కనే పెట్టుకుని, మెయిల్ వచ్చిందేమో చూడమని గంటకోసారి పైకి తెచ్చిచ్చేది. ఆ స్నేహితురాలు రెండుసార్లు ఫోన్ చేసింది. పిన్ని ఎత్తలేదు.

"ఆ పేరు రాసినందుకే ఆగింది. లోపల ఎవరో చూస్తున్నారు" అంది.

"అది కంప్యూటర్ పిన్నీ. ఎందుకు ఆపుతుందో ఎవరికీ తెలీదు."

"చూస్తే చూడనీ" అంది. కానీ చీర చెంగు వేలికి చుట్టుకుంటూనే ఉంది.

నాలుగో రోజు మధ్యాహ్నం, నేను కాల్‌లో మాట్లాడుతుండగా మెయిల్ వచ్చింది. అనుమతి ఇచ్చారు. మూడేళ్ళు చెల్లుతుంది, లేదా పాస్‌పోర్ట్ గడువు తీరేదాకా, ఏది ముందైతే అది. ఎందుకు ఆలస్యమైందో రాయలేదు. పేరు వల్లా, మరోదాని వల్లా అన్నది మాకు ఎప్పటికీ తెలియదు. కాల్ మ్యూట్ చేసి కిందికెళ్ళి చూపించాను. పిన్ని అందులో తన పేరు కోసం వెతికింది. పాస్‌పోర్ట్ పేరు ఒక్కటే ఉంది.

ఫోన్ తిరిగిచ్చి, "వెళ్ళనా?" అంది.

"అదేంటి, వచ్చిందిగా. వెళ్ళు."

"నీకు కష్టంగా ఉంటే మానేస్తాను. స్పెయిన్‌కి వెళ్ళకపోతే నాకేం కాదు."

"దానికీ దీనికీ సంబంధం లేదు పిన్నీ."

"ఉందిరా" అంది. స్నేహితురాలికి ఫోన్ చెయ్యడానికి లేచింది.

ఆమె వెళ్ళే రోజు డీఎఫ్‌డబ్ల్యూ ఎయిర్‌పోర్ట్‌కు నేనే తీసుకెళ్ళాను. దారిలో ట్రాఫిక్ ఎక్కువగా ఉంది. నేను అడగకుండానే ఆ ఫోటో తీసిన రోజు గురించి చెప్పింది. స్టూడియోకి ఇద్దరూ వెళ్ళారట. అమ్మ తన జడ ఎలా వేసుకుంటుందో అలా పిన్నికి వేసి, తన వోణీ ఇచ్చి కట్టుకోమందట. ఫోటో చూసినవాళ్ళకు అక్కలాగే కనపడాలని. ఇంటికొచ్చేప్పుడు బస్సులో పుట్టినతేదీ అప్పజెప్పించిందట. పిన్ని రెండుసార్లు తన తేదీయే చెప్పింది. మూడోసారి సరిగ్గా చెప్పాక అమ్మ వేరుశనగకాయల చిన్న పొట్లం కొనిపెట్టింది.

"తనకి బాధ వెయ్యలేదా?" అని అడిగాను.

"వెయ్యలేదు. టీచరయిపోతున్నానని ఎంత సంతోషంగా ఉందో. ఇద్దరం నవ్వుకుంటూ వచ్చాం. ఇది ఇంత దూరం వస్తుందని ఇద్దరికీ తెలీదు." అద్దంలోంచి బయటికి చూస్తూ, "నీ మీద బెంగ పెట్టుకుంది గానీ, బడి మానుకుని రావాలని మాత్రం ఎప్పుడూ అనుకోలేదు. అది నిజం. నిన్ను ఊరుకోబెట్టడానికి చెప్పడం లేదు" అంది.

నేను తల ఊపి, టెర్మినల్ వైపు లేన్ మారాను.

స్పెయిన్‌లో దిగిన రోజు ఫోన్ చేసింది. అక్కడ బ్రిటిష్ వాళ్ళకు ఇప్పుడు వేలిముద్రలు కూడా తీసుకుంటున్నారట. నలభై ఏళ్ళు రోజుకు పదులసార్లు చేతులు కడుక్కున్న నర్సులు కాబట్టి నలుగురిలో ముగ్గురి వేళ్ళ మీద గీతలు అరిగిపోయి యంత్రంలో ముద్రలు పడలేదు. లైను ఆగిపోయింది, వెనకాలవాళ్ళు విసుక్కున్నారు, వీళ్ళకు నవ్వాగలేదు. చివరికి ఆఫీసరు తడిగుడ్డ ఇచ్చి తుడుచుకోమని, నాలుగోసారికి తీసుకున్నాడట. చెబుతూ మళ్ళీ నవ్వింది. వెనక నుంచి ఎవరో ఆమెను పేరు పెట్టి భోజనానికి పిలుస్తున్నారు.

ఆమె పాస్‌పోర్ట్ గడువు వచ్చే ఏడాది తీరుతుంది. దానితోపాటే ఈ అనుమతీ పోతుంది. కొత్త పాస్‌పోర్ట్ వచ్చాక మళ్ళీ నింపాలి. ఆ మాట చెబితే, "అప్పుడు కూడా నువ్వే నింపుతావుగా?" అని అడిగింది. నింపుతానని చెప్పాను.